‘తర్వాత’ అనే మాట: స్వీడన్ రూన్ రాళ్ళ దగ్గర పదమూడు రోజులు

ప్రొద్దుటూరు చేరి వారం దాటింది. బట్టలు ఉతికి సర్దేశాను గానీ, మనవరాలూ నేనూ కలిసి రూన్ అక్షరాలు రాసుకున్న గళ్ళ నోటుబుక్కు ఇంకా బల్ల మీదే ఉంది. ఊళ్ళ పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను ముప్పై ఒక్కేళ్ళు తెలుగు టీచరుగా పనిచేశాను. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కలమళ్ళ శాసనం మా కడప జిల్లాదే. రేనాటి చోళుల కాలం, క్రీ.శ. 575 ప్రాంతం. బడి పిల్లలకు దాని ఫొటో చూపించి “ఇవీ మన అక్షరాలే, గుర్తుపట్టండి” అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అందుకే స్టాక్‌హోమ్‌లో ఉండే మా అమ్మాయి “ఈసారి వస్తే ఏం చూస్తావమ్మా?” అని అడిగినప్పుడు రూన్ రాళ్ళు, అంటే రూన్ అనే పాత లిపిలో చెక్కిన శిలాశాసనాలు చూపించమన్నాను. వెయ్యేళ్ళ కిందట అక్కడివాళ్ళు చెక్కిన రూన్ అక్షరాల గురించి ఎవరు చెప్పినా మంత్రాలనీ జోస్యాలనీ చెప్పేవాళ్ళు. అక్షరం పుట్టింది చదవడానికి. వాటిలో అసలు ఏం రాసుందో చూడాలనిపించింది. మా ఆయన పోయి రెండేళ్ళు. ఆయన పక్కన లేకుండా విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

జూన్ 14, స్టాక్‌హోమ్

బడికి వేసవి సెలవులు ఇచ్చేశారు. ఏడేళ్ళ మనవరాలు నాకు తోడు, నాకు దుబాసీ కూడా. ఇంట్లో తెలుగు, బడిలో స్వీడిష్.

చరిత్ర మ్యూజియంలో కీల్వెర్ రాయి కోసం వెతుక్కుంటూ వెళ్ళాం. గోట్‌లాండ్ దీవిలో ఒక సమాధి దగ్గర 1903లో దొరికిన సున్నపురాయి పలక అది, సుమారు క్రీ.శ. 400 నాటిది. ఏ రాజు విజయమో ఉంటుందని అనుకున్నాను. దాని మీద ఉన్నది అక్షరమాల! మొత్తం 24 అక్షరాలు, మొదటి నుంచి చివరి దాకా వరసలో. మన మాటల్లో చెప్పాలంటే ఎవరో ఓనమాలు దిద్ది పెట్టారు. అవి చెక్కిన వైపు సమాధి లోపలికి తిప్పి ఉందట. బతికున్నవాళ్ళు చదివే వీలు లేని వైపు. ఎందుకలా పెట్టారన్న దాని మీద పండితులు ఒక మాట మీద లేరు. నాకు మాత్రం అక్షరాలు నేర్పిన చెయ్యి ఎవరిదో అన్న ఆలోచన వదల్లేదు.

మనం మొదటి అక్షరాలను బట్టి ‘అఆలు’ అన్నట్టే, వాళ్ళు తమ వరసలోని మొదటి ఆరు అక్షరాలను కలిపి ‘ఫుథార్క్’ అన్నారు. ప్రతి అక్షరానికీ ఒక పేరు. ‘ఫ’ అంటే పశుసంపద, ‘ఇ’ అంటే మంచు, ‘స’ అంటే సూర్యుడు. క్రీ.శ. 700, 800 మధ్య ఒక వింత జరిగింది. భాషలో ధ్వనులు పెరుగుతుంటే అక్షరాలు 24 నుంచి 16కు తగ్గాయి. క, గ లకు ఒకటే గుర్తు. ట, డ లకు ఒకటే. బ, ప లకూ అంతే. మనవరాలు “మరి ఎలా చదువుతారు అమ్మమ్మా?” అంది. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం ఉన్నా వాళ్ళు తడుముకోకుండా చదువుతారు కదా, ఇదీ అంతేనని చెప్పాను. భాష తెలిసినవాళ్ళకు మాట చూడగానే పలుకు తెలుస్తుంది.

మధ్యాహ్నం మ్యూజియం పెరట్లో ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. పక్క బెంచీ వాళ్ళూ ఇంటి డబ్బాలే విప్పుకున్నారు. బయట భోజనం మనిషికి 150 క్రోనాలు పైనే. నేను వెళ్ళినప్పుడు క్రోనా దాదాపు తొమ్మిది రూపాయలు.

రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎండ. వంటింటి బల్ల మీద కూర్చుని 16 అక్షరాలూ ఇద్దరం దిద్దాం. పిల్ల గంటలో నేర్చుకుంది. నాకు రెండు రోజులు పట్టింది.

జూన్ 15, టేబి

ఈ ఊరు ఇప్పుడు స్టాక్‌హోమ్ శివారు. స్టేషన్ దిగి ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగాం. ముప్పావు గంట నడిచాక ఇళ్ళు అయిపోయి గోధుమ చేలు వచ్చాయి. కుక్కను నడిపిస్తున్న పెద్దాయన ఒకరు కనిపిస్తే పిల్ల వెళ్ళి అడిగింది. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. చేత్తో చూపించి ఊరుకోకుండా తానే వెనక్కి తిరిగి మాతో పాటు నడిచాడు. సగం దారి ముగ్గురం మౌనంగానే. అక్కడ మౌనం అంటే ముభావం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. రాళ్ళు కనిపించగానే తల ఊపి వెళ్ళిపోయాడు.

పాత బాటకు అటొకటి ఇటొకటి రెండు రాళ్ళు. చెక్కిన గీతల్లో ఎర్ర రంగు. ఆ రంగు ఇప్పుడు చూసేవాళ్ళకు కనబడాలని వేసిందే అయినా, అప్పట్లోనూ రంగులు వేసేవాళ్ళని కొన్ని రాళ్ళ మీద మిగిలిన జాడలు చెబుతున్నాయి. ఒక పాము రాయి చుట్టూ మెలికలు తిరిగి ఉంటుంది, దాని ఒంటి మీద అక్షరాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే పాము తల దగ్గరికి వెళ్ళాలి. 

“యార్లబంకె బతికుండగానే తన పేరిట ఈ రాళ్ళు నిలిపించాడు. తన ఆత్మ కోసం ఈ వంతెన కట్టించాడు. టేబి మొత్తానికీ తానొక్కడే యజమాని. దేవుడు అతని ఆత్మకు తోడుండుగాక.”

బతికుండగా తన రాయి తానే వేయించుకున్న ఈ మనిషి మొదట నాకు నచ్చలేదు. వంతెన అన్నది కూడా నది మీద కట్టింది కాదు. బురద నేల మీద రాళ్ళూ మట్టీ పోసి ఎత్తు చేసిన దారి, దాదాపు 150 మీటర్లు. మన వైపు చప్టా లాంటిదనుకోండి. కానీ వానాకాలంలో అక్కడ బండి దిగబడకుండా పోయిందంటే ఆ దారి వల్లే. అప్పుడే కొత్తగా క్రైస్తవం వచ్చిన కాలం, 11వ శతాబ్దం. వంతెన కట్టిస్తే ఆత్మకు మేలని నమ్మేవాళ్ళు. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, తోట వేయించడం సంతానంతో సమానమని మనవాళ్ళు సప్తసంతానాలు చెప్పుకుని శాసనాలు వేయించారు కదా. అటూ ఇటూ రెండుసార్లు ఆ దారి మీద నడిచాక నా కోపం పోయింది.

ఊరి చర్చిలో 15వ శతాబ్దపు బొమ్మలున్నాయి. పైకప్పు మీద ఒక మనిషితో మృత్యువు చదరంగం ఆడుతున్న బొమ్మ దగ్గర పిల్ల చాలాసేపు నిలబడింది. గుమ్మం దగ్గర ఫ్లాస్కులో కాఫీ, పక్కన బిస్కెట్లు, ధర రాసిన కాగితం, ఫోన్‌తో డబ్బు పంపడానికి ఒక నంబరు. మనుషులెవరూ లేరు. నా పర్సులోని 200 క్రోనాల నోటు ఇలా ఎక్కడా చెల్లక చివరికి నాతోనే ప్రొద్దుటూరు వచ్చింది.

జూన్ 17, సిగ్‌తూన

సుమారు క్రీ.శ. 980లో పుట్టిన పట్నం. సరస్సు ఒడ్డున ఒకటే పెద్ద వీధి, చిన్న చిన్న చెక్క ఇళ్ళు. దాల్చినచెక్క వేసిన రొట్టె ఒకటి 48 క్రోనాలు, అంటే 430 రూపాయలు. ఇద్దరికీ ఒకటే తీసుకుందామనుకున్నాను. అరచేయంత ఉన్న ఆ వేడి రొట్టె మధ్యలోంచి యాలకుల వాసన వచ్చేసరికి రెండోది కూడా చెప్పాను. యాలకులు మన వైపు నుంచి వెళ్ళి అక్కడి బేకరీలో అంత సొంతమైపోవడం చూస్తే ఆనందమేసింది.

స్వీడన్‌లో రెండున్నర వేల రూన్ రాళ్ళుంటే, దాదాపు సగం ఈ ఉప్‌లాండ్ ప్రాంతంలోనే ఉన్నాయి. సిగ్‌తూనలో ఒకటి నాకు బాగా నచ్చింది. ఫ్రిసియా (ఇప్పటి నెదర్లాండ్స్ తీరం వైపు) పేరుతో ఉన్న వర్తకుల సంఘం వాళ్ళు, తమ తోటి సభ్యుడు చనిపోతే నిలిపిన రాయి. చెక్కినవాడు తోర్బ్యోర్న్ అని సంతకం కూడా ఉంది. బంధువులు తీసుకునే బాధ్యతను తోటి వ్యాపారులే తీసుకున్నారు. గల్ఫ్‌లో మనవాళ్ళెవరైనా పోతే రూమ్మేట్లూ సంఘాలవాళ్ళూ చందాలు వేసుకుని ఇంటికి పంపిస్తారు. మా వీధిలోనే ఒకరిని అలా తీసుకొచ్చారు. ఆ రాయి ముందు నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

రాళ్ళ మీదే కాదు, ఎముకల మీదా కర్రల మీదా రాసుకున్నారు. ఈ ఊరి తవ్వకాల్లో ఒక పక్కటెముక దొరికింది. తిండి పెట్టడంలో రాజును మించినవాడు లేడని దాని మీద రాసుంది. విందులో కూర తిని, ఆ ఎముక మీదే మెచ్చుకోలు రాశారేమో. 1931లో దొరికిన చిన్న రాగి రేకు మీద మాత్రం మంత్రమే ఉంది. “గాయపు జ్వరం తెచ్చే రాక్షసుడా, రాక్షసుల దొరా, పారిపో. నువ్వు దొరికిపోయావు!” అచ్చంగా మన తాయెత్తు. పిల్లవాడికి జ్వరం వస్తే తల్లి మసీదు దగ్గరికో గుడి దగ్గరికో పరిగెత్తి తెచ్చే రేకు ఇలాంటిదే. కాబట్టి మంత్రాలకు వాడలేదని నేను అనను. అక్షరాలు వచ్చినవాళ్ళు వాటితో అన్నీ రాస్తారు, అందులో మంత్రం ఒకటి.

ఒక దుకాణంలో రూన్ గులకరాళ్ళ సంచీ 249 క్రోనాలకు అమ్ముతున్నారు. 25 రాళ్ళు. ఒకటి ఖాళీ. ఖాళీ రాయి వస్తే విధి అట! పాత అక్షరమాలలో ఖాళీ అక్షరం ఎక్కడా లేదు, అది 20వ శతాబ్దంలో పుట్టిన ముచ్చట. దానికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. హిట్లర్ కాలంలో ఎస్ఎస్ దళాలు ‘స’ అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన పెట్టుకుని కాలర్ మీద తగిలించుకున్నాయి. సూర్యుడి పేరు మోసిన అక్షరం అది. తండ్రుల పేర్లూ బిడ్డల పేర్లూ రాసుకున్న అక్షరాలకు అంత మచ్చ తెచ్చారు. నేను సంచీ కొనలేదు. పిల్ల కూడా అడగలేదు.

జూన్ 18, ఉప్సలా

యూనివర్సిటీ లైబ్రరీలో వెండి బైబిల్ ఉంది. 6వ శతాబ్దంలో గోతిక్ భాషలో (గోతులనే పాత జర్మానిక్ తెగ భాష, రూన్‌లు చెక్కినవాళ్ళ భాషకు చుట్టం), ఊదారంగు తోలు కాగితం మీద వెండి సిరాతో రాసినది. మసక వెలుతురులో అద్దం వెనక పెట్టారు. అందులోనివి రూన్ అక్షరాలు కావు. అయినా నేను దాని కోసమే పట్టుబట్టి వెళ్ళాను. మార్కు సువార్తలో ‘దేవుని రాజ్యపు రహస్యం’ అన్నచోట, రహస్యానికి గోతిక్‌లో వాడిన మాట ‘రూన’. అంటే రూన్ అంటే రహస్యం, గుసగుస, చెవిలో చెప్పే మాట.

ఈ ఒక్క అర్థం పట్టుకునే ఇన్ని మార్మిక కథలు పుట్టాయేమో. కానీ నేను బడిలో చూసింది వేరు. అక్షరాలు రాని పిల్లవాడికి బోర్డు మీది మాట రహస్యమే. నేర్చుకున్న రోజున అదే మాట వాడి చెవిలో పలుకుతుంది. ఎవరూ నోరు విప్పకుండా గోడ మాట్లాడటం గుసగుస కాక ఇంకేమిటి?

చర్చికి దగ్గర్లో, యూనివర్సిటీ తోటలో చెట్ల కింద రాళ్ళు వరసగా ఉన్నాయి. అక్కడ గడ్డి మీద కూర్చుని నోటుబుక్కు తీశాం. ముట్టుకోకూడదని పిల్లకు ముందే చెప్పాను. గాలిలో వేలితో దిద్దుతూ ఒక్కో అక్షరం చెప్పింది. “స… త… అ… ఇ… న. స్తైన్.” ఆగింది. “అమ్మమ్మా, స్తేన్! రాయి!” ఇప్పటి స్వీడిష్‌లో రాయి స్తేన్. వెయ్యేళ్ళలో మారింది ఒక్క అచ్చు. తర్వాత ‘అఫ్తిర్’ దగ్గర నేను తడబడితే తనే చెప్పింది, “ఎఫ్తెర్. తర్వాత.”

ఈ రాళ్ళన్నిటిలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట అదే. ఫలానావాడు ఈ రాయి నిలిపాడు, తండ్రి తర్వాత. తల్లి నిలిపింది, కొడుకు తర్వాత. అన్న తర్వాత. భర్త తర్వాత. పుస్తకాల్లో దీన్ని ‘జ్ఞాపకార్థం’ అంటారు. అది నాకు సరిపోయినట్టు అనిపించదు. ‘తర్వాత’ అంటేనే ఒక మనిషి వెళ్ళిపోయాడనీ, ఇంకొకరు మిగిలి ఉన్నారనీ రెండూ తెలుస్తాయి. మా ఇంట్లో కూడా ఇప్పుడు రోజులన్నీ ‘ఆయన తర్వాత’ రోజులే. ఆ గడ్డి మీద కూర్చుని ఈ మాట నేను పైకి అనలేదు. పిల్ల మాత్రం నా ముఖం చూసి నోటుబుక్కు మూసి, “ఆకలేస్తోంది, పద” అంది.

సాయంత్రం గామ్లా ఉప్సలా వెళ్ళాం. పచ్చగడ్డి కప్పిన మూడు పెద్ద సమాధి దిబ్బలు, 6వ, 7వ శతాబ్దాల నాటివి. పక్కన పాత చర్చి గోడలో ఒక రూన్ రాయి ఉంది. నిలిపినవాడు తన పేరు పక్కన ‘ఇంగ్లండ్ వెళ్ళొచ్చినవాడు’ అని రాయించుకున్నాడు, తండ్రి రాయి మీద! మా ఊళ్ళో పెళ్ళి కార్డుల మీద పేరు పక్కన ‘యు.ఎస్.ఎ.’ అని వేయించుకోవడం గుర్తొచ్చింది. ఆ తండ్రి ఉండుంటే ఎంత మురిసిపోయేవాడో.

చెక్కేవాళ్ళకు కూడా అప్పట్లో ఊరూరా పేరుండేది. ఓపిర్ అనే ఆయన 11వ శతాబ్దం చివర్లో ఈ చుట్టుపక్కల పదుల కొద్దీ రాళ్ళ మీద ‘ఓపిర్ చెక్కాడు’ అని సంతకం పెట్టాడు. ఆయన పాము సన్నంగా, ఎక్కడా తెగకుండా జారుతూ పోతుంది. రెండు మూడు చూశాక ఆయన చెయ్యి మనకే తెలుస్తుంది. బల్లి అనే ఇంకో చెక్కేవాడు ఒక రాయి మీద, రూన్‌లు తెలిసినవాడు ఎవరైనా బల్లి చెక్కిన వీటిని చదవాలని రాశాడు. చదివేవాడి కోసం అంత ఎదురుచూపు!

జూన్ 20, మిడ్‌సమ్మర్

కొట్లన్నీ మధ్యాహ్నానికే మూసేశారు. మా అల్లుడి స్నేహితుల ఇంటి పెరట్లో ఆకులు చుట్టిన స్తంభం ఎత్తి అందరూ దాని చుట్టూ ఆడారు. కొత్త బంగాళాదుంపలు ఉడకబెట్టి సోయకూర (డిల్) చల్లి వెన్నతో పెట్టారు. మిగతావాళ్ళకు ఊరబెట్టిన చేప. నేను చేసి పట్టుకెళ్ళిన పులిహోర అరగంటలో అయిపోయింది. స్ట్రాబెర్రీలు డబ్బా 60 క్రోనాలు, కానీ అంత తియ్యటివి నేను ఎప్పుడూ తినలేదు.

రాత్రి పదకొండుకి ఇంకా వెలుతురే. మెట్ల మీద కూర్చున్నప్పుడు అమ్మాయి ఫోన్‌లో ఒక రాయి గురించి చదివి వినిపించింది. ఇక్కడికి వాయవ్యంగా హస్మీర అనే పల్లెలో ఒక రైతు తన భార్య ఓదిందీస కోసం నిలిపాడు. ‘ఈ ఇల్లు నడపడానికి హస్మీరకు ఇంతకన్నా మంచి ఇల్లాలు ఇక రాదు.’ అమ్మాయి చదవడం ఆపి నా భుజం మీద తల పెట్టుకుంది. వాళ్ళ నాన్న నోటితో ఎప్పుడూ మెచ్చుకునేవాడు కాదు. పోవడానికి నెల ముందు ఆసుపత్రిలో నర్సుతో మాత్రం “మా ఇంటిదాని చేతి చారు ఉంటే నాకు ఈ మందులక్కర్లేదు” అన్నాడు. అదీ నర్సు చెబితేనే నాకు తెలిసింది.

జూన్ 22, మారీఫ్రేడ్

సరస్సు ఒడ్డున గ్రిప్స్‌హోల్మ్ కోట, ఎర్ర ఇటుకల గుండ్రటి బురుజులు. జనమంతా కోటలోకి వెళ్తుంటే మేం బయట రాయి దగ్గరే ఆగాం. 1820ల మొదట్లో కోట చూసుకునేవాడు దీన్ని ఒక బురుజు నేలమాళిగలో గడప రాయిగా ఉండగా గుర్తుపట్టాడు. అప్పటికి ఎంతమంది కాళ్ళు దీని మీద పడ్డాయో. తారు కూడా పూసి ఉందట.

ఇది తోలా అనే తల్లి నిలిపిన రాయి.

“తోలా ఈ రాయి నిలిపించింది, తన కొడుకు హారాల్డ్ తర్వాత. అతను ఇంగ్వార్ సోదరుడు. 
మగసిరిగా వెళ్ళారు దూరం, బంగారం కోసం, 
తూర్పున డేగకు మేత వేశారు, 
దక్షిణాన చనిపోయారు, సెర్క్‌లాండ్‌లో.”

డేగకు మేత వేయడమంటే యుద్ధంలో శత్రువులను చంపడం. సెర్క్‌లాండ్ అంటే కాస్పియన్ సముద్రం వైపున్న ముస్లిం రాజ్యాలు. ఇంగ్వార్ అనే నాయకుడి వెంట ఈ సరస్సు చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు ఓడలెక్కారు. ఐస్‌లాండ్ వాళ్ళ వార్షిక వృత్తాంతాలు అతని చావును 1041లో చెబుతాయి. ఆ ఒక్క ప్రయాణంలో పోయినవాళ్ళ కోసం ఇళ్ళవాళ్ళు నిలిపిన రాళ్ళు 26 దాకా ఉన్నాయి. ఓడలు వెళ్ళిన సంగతి మనకు గట్టిగా చెప్పేవి ఈ రాళ్ళే.

మొదటి వాక్యం మామూలు మాటలే. తర్వాతది పద్యం. మన యతిలాగా వాళ్ళకూ పాదంలో మొదటి ధ్వనులు కలవాలన్న నియమం ఉంది. తోలా ఆ పద్యం ఎవరితోనైనా కట్టించిందో, ఊళ్ళో పాడుకుంటున్నదే చెక్కించిందో. కొడుకు ఒళ్ళు ఇంటికి రాలేదు. సమాధి లేదు. ఏ నెలలో, ఏ రోగంతోనో ఏ కత్తితోనో ఆమెకు తెలిసే దారి లేదు. ఆమె దగ్గర ఉన్నవి నాలుగు దిక్కుల్లో రెండు దిక్కుల పేర్లు, ఒక దేశం పేరు. తూర్పు, దక్షిణం, సెర్క్‌లాండ్. ఆ మూడింటినీ రాయి మీద పెట్టింది. నేను శాసనాలు చాలా చదివాను. ఇలా ఒక తల్లికి తెలిసినంతే ఉండి, తెలియనిది అంతా కనబడే శాసనం ఇంకొకటి చూడలేదు.

బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి కాఫీ మూతలో పోసి ఇచ్చింది. ఎక్కడి నుంచి అని అడిగింది. కూతురు ఇక్కడ ఉంటుందని చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ అక్క పద్దెనిమిదేళ్ళకు అమెరికా వెళ్ళి మళ్ళీ రాలేదని చెప్పింది. అప్పట్లో ఈ దేశం నుంచి పన్నెండు లక్షలమందికి పైగా అలా ఓడలెక్కారు. “రెండు ఉత్తరాలు వచ్చాయి, అంతే” అంది. పిల్ల ఆ మాట నాకు తెలుగులో చెప్పి, “మనకు వీడియో కాల్ ఉంది కదా అమ్మమ్మా” అని తనంతట తానే కలిపింది. 

జూన్ 24, రోక్

అల్లుడు సెలవు పెట్టి కారులో తీసుకెళ్ళాడు. మూడు గంటలు పైనే, దారంతా వాన. “ఒక్క రాయి కోసమా అత్తయ్యా” అనలేదు, కానీ పెట్రోలు బంకు దగ్గర టీ తాగుతూ “ఎంత పెద్దది?” అని మెల్లగా అడిగాడు. భూమి పైన రెండున్నర మీటర్లు, దాదాపు 760 అక్షరాలు అని చెప్పాను. రాతి మీద ఇంతకన్నా పొడుగు రూన్ శాసనం లేదు.

చిన్న పల్లె చర్చి, పక్కన చేను, ఒక కప్పు కింద రాయి. మేం తప్ప ఎవరూ లేరు. ఒకప్పుడు ఇది పక్కనున్న ధాన్యం కొట్టు గోడలో రాయిగా ఉండేది. 9వ శతాబ్దం మొదట్లోది, పాముల ముగ్గులు ఇంకా రాని కాలం. ముందూ వెనకా పక్కలా నెత్తి మీదా అంతటా అక్షరాలే. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. కొన్నిచోట్ల కావాలనే పాత 24 అక్షరాల్లోంచి తెచ్చి, కొన్నిచోట్ల సంకేతాలుగా మార్చి రాశారు. గోతుల రాజు థియోడరిక్ పేరుంది, పొడుపు ప్రశ్నల్లాంటి మాటలున్నాయి. ఇదంతా ఏమిటన్న దాని మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి. 536లో సూర్యుడు మసకబారి పంటలు పోయిన చలికాలం లాంటిది మళ్ళీ వస్తుందన్న భయం ఇందులో ఉందని 2020లో నలుగురు స్వీడన్ పండితులు రాశారు. నిర్ణయించేటంత చదువు నాకు లేదు.

మొదటి వరస మీద మాత్రం అందరిదీ ఒకటే మాట. నిలువుగా, పెద్ద అక్షరాలతో ఉంటుంది. పిల్ల తల పక్కకు వంచి చదివింది, “అఫ్త్ వామోద్…” వామోద్ తర్వాత నిలిచి ఉన్నాయి ఈ రూన్‌లు. తండ్రి వారిన్ వీటిని రాశాడు, చావు రాసిపెట్టి ఉన్న కొడుకు తర్వాత.

ఆ కొడుకు పక్కన ఉన్న మాట ‘ఫైకియోన్’. చావు ముందే నిర్ణయమైపోయినవాడని అర్థం. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేకపోయింది. ‘రాసిపెట్టి ఉంది’ అంటాం కదా మనం. నుదుటి రాత అంటాం. బిడ్డ పోయిన తండ్రి, అది ముందే రాసి ఉందని తనకు తాను చెప్పుకుంటూ, ఇంకో 700 అక్షరాలు రాసుకుంటూ పోయాడు. దేవతలు, రాజులు, యుద్ధాలు, లెక్కలు అన్నీ వచ్చాయి. మొదలు మాత్రం కొడుకు పేరుతోనే. అల్లుడు వానలో గొడుగు పట్టుకుని రాయి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పిల్ల చెయ్యి వదల్లేదు.

తిరుగు దారిలో గ్రెన్నా దాకా దిగి పోల్కా చారల పెప్పర్‌మెంట్ కడ్డీలు కొన్నాం. 1859లో అమాలియా ఎరిక్‌సన్ అనే వితంతువు పొట్టకూటి కోసం మొదలుపెట్టిన వ్యాపారం, ఇప్పటికీ వీధి పొడవునా కళ్ళముందే పాకం లాగి చుడతారు. పాకం వేడిగా ఉన్నప్పుడు మన పీచుమిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

జూన్ 26, స్టాక్‌హోమ్

ఆఖరి రోజు. పిల్ల అడవిలోంచి తెచ్చుకున్న బిర్చ్ కొమ్మ మీద వాళ్ళ నాన్న చాకుతో చెక్కుతానంది. పక్కన నేను కూర్చున్నాను. ముందు తెలుగులో ‘తా’ అని మొదలుపెట్టింది. గుండ్రంగా తిప్పడానికి చాకు రాలేదు, కర్ర పేడు లేచిపోయింది. మా తాతగారి ఇంట్లో తాటాకుల కట్టలు ఉండేవి. ఘంటంతో గీత గట్టిగా లాగితే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రమయ్యాయని ఆయన చెప్పేవాడు. కర్ర దానికి తిరగేసి.

అప్పుడు రూన్‌లలో మొదలుపెట్టింది. నిలువు గీత చక్కగా పడింది. ఏటవాలు గీత పడింది. సరదాకి ఒక అడ్డగీత కూడా గీసి చూసింది. అది కర్ర పీచు వెంబడే పోయి కనబడకుండా కలిసిపోయింది. కొమ్మ నా కళ్ళకు దగ్గరగా పెట్టి, “ఇందుకే వాళ్ళకు అడ్డగీతల్లేవు!” అంది. పుస్తకాల్లో చదివిన సంగతే. కానీ ఏడేళ్ళ పిల్ల చేతి కింద జరగడం చూశాను.

చివరికి నాలుగు అక్షరాలు చెక్కింది. త, అ, త, అ. తాత. ఆ లిపిలో ‘డాడా’ అని కూడా చదవొచ్చని నేను అంటే, “ఎవరి తాతో తెలిసినవాళ్ళు సరిగ్గానే చదువుతారు” అంది. ముందు ‘అఫ్తిర్’ వేయాలా అని అడిగింది. వేయమన్నాను.

కొమ్మ తీసి సూట్‌కేసులో చీరల మధ్య పెట్టబోతుంటే ఆపింది. “ఉండు అమ్మమ్మా, ఎవరు చెక్కారో రాయలేదు.” మళ్ళీ కూర్చుని, వెనక వైపు తిప్పి, నాలుక బయటపెట్టి తన పేరు చెక్కింది. విమానానికి టైం అయిపోతోందని అమ్మాయి రెండుసార్లు పిలిచింది. ఆఖరి అక్షరం కాస్త వంకర పోయింది. ఇప్పుడు అది మా ఆయన ఫొటో పక్కన ఉంది. రోజూ దీపం పెట్టేటప్పుడు ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి చదువుతాను.